కనబడేదాకా లేని రోగం

పోర్ట్ బ్లెయిర్ రేవు ముందున్న రాస్ దీవిలో 1863లో 'అండమాన్ హోమ్' అనే శిబిరం వెలిసింది. దాన్ని నెలకొల్పినవాడు హెన్రీ కార్బిన్ అనే పాదిరీ. అప్పటికి ద్వీపాంతరవాస శిక్ష పడ్డ ఖైదీలు అక్కడ దిగి అయిదేళ్లు. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ వెంట తొలి ఓడలో వచ్చినవాళ్లు 200 మంది. వాళ్లు అడవి కొట్టుకుంటూ లోపలికి పోయేకొద్దీ ఆ అడవి సొంతదార్లు బాణాలతో అడ్డుపడ్డారు. ఆ పోరును తుపాకులతో ముగించడం ఖర్చనిపించి, అన్నం, బట్ట, పొగాకు ఎరవేసి మచ్చిక చేసుకోవాలన్నది హోమ్ వెనకున్న ఆలోచన. మొదట్లో తెచ్చినవాళ్లను కాపలా మధ్యే ఉంచారు. క్రమంగా రాకపోకలు అలవాటయ్యాయి, మరికొన్ని చోట్లా ఇలాంటి హోములు వచ్చాయి. వాటిని రోజూ కనిపెట్టుకుని ఉండే పని మాత్రం ఖైదీల చేతుల్లోనే పడింది. సత్ప్రవర్తన చూపించి జమాదార్లుగా పైకొచ్చిన ఖైదీలు అక్కడి ఆడవాళ్లకీ మగవాళ్లకీ తిండి పంచారు, పని చేయించారు, రాత్రిళ్లు కాపలా కాశారు. ఆడతోడు దాదాపు లేని మగ ఖైదీల వలసలో, అడిగేవాడు లేని అధికారాన్ని అలాంటివాళ్ల చేతికిచ్చి, ఏమీ కాదులే అనుకున్నారు.

అయింది. 1876లో హోముల్లో సవాయి రోగం (సిఫిలిస్) బయటపడింది. అప్పుడు అండమానీయుల వ్యవహారాలు చూస్తున్న అధికారి ఇ. హెచ్. మాన్. ఆ తర్వాత అదే పనిలో ఏళ్ల తరబడి ఉన్న ఎం. వి. పోర్ట్‌మన్ 1899లో రెండు సంపుటాల చరిత్ర రాసి, రోగం ఒక ఖైదీ జమాదారు ద్వారా వచ్చిందని అందులో నమోదు చేశాడు. గమనించాల్సింది ఆ తేదీని. బయటపడింది 1876లో, వచ్చింది అప్పుడు కాదు. ఆనవాళ్లు పైకి తేలేసరికి రోగం ఆడవాళ్ల నుంచి వాళ్ల భర్తలకూ, తల్లుల నుంచి కడుపులోని పిల్లలకూ పాకింది. హోములకు వచ్చిపోయే అలవాటున్నవాళ్లు దాన్ని తీరం వెంబడి తమ బంధువుల దగ్గరికి మోసుకెళ్లారు. రోగులను పట్టి తెచ్చి ఆసుపత్రిలో ఉంచే ప్రయత్నం అప్పుడు మొదలైంది. ఏడాది తిరగకుండానే 1877లో తట్టు వచ్చిపడింది. గ్రేట్ అండమాన్ జనంలో సగమో, అంతకుమించో దానికే పోయారని పోర్ట్‌మన్ అంచనా.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా చివర ఒక నిట్టూర్పు విడుస్తారు: అప్పటికి రక్తపరీక్ష లేదు కదా, ఉండి ఉంటే బతికేవాళ్లేమో అని. ఆ నిట్టూర్పుతో నాకు పేచీ ఉంది. పరీక్ష లేని లోటు నిజమే. కానీ హోముల్లో జరిగిన తప్పు అంతకంటే పాతది, మొండిది. రోగం కంటికి కనబడేదాకా లేనట్టే లెక్క వేయడం, కనబడ్డాక దాన్ని సోకినవాళ్ల ఒంటి మీదే వెతకడం, తెచ్చినవాళ్ల వైపు చూడకపోవడం, ఈ మూడూ కలిస్తే ఆ తప్పు. ఎంత మంచి పరీక్షనైనా ఈ అలవాటు మీద తెచ్చి పెడితే అది పనిచేయదు. పరీక్ష పుట్టాక జరిగిన చరిత్రే దీనికి సాక్ష్యం.

ముందు రోగం నడక తెలియాలి. సవాయి క్రిమి ఒంట్లో చేరిన మూడు వారాలకో, ఇంకాస్త ఆలస్యంగానో చేరిన చోట ఒక పుండు లేస్తుంది. గట్టిగా ఉంటుంది, నొప్పి ఉండదు. ఆడవాళ్లలో చాలాసార్లు అది కనబడని చోట ఉంటుంది. మందేమీ వేయకపోయినా కొన్ని వారాల్లో మానిపోతుంది. ఆ తర్వాత ఒంటి నిండా దద్దు, జ్వరం, గొంతు నొప్పి వస్తాయి. అవీ వాటంతట అవే తగ్గుతాయి. నాటువైద్యుడిచ్చిన ఏ వేరు వల్లనో, డాక్టరిచ్చిన ఏ రసాయనం వల్లనో తగ్గాయని రోగి నమ్ముతాడు. అక్కడి నుంచి రోగం మౌనంగా ఏళ్లు గడుపుతుంది. మందు పడనివాళ్లలో మూడోవంతు దాకా చాలాకాలం తర్వాత గుండె, మెదడు, ఎముకలు చెడతాయి. ఆ మౌనం తొలి ఏళ్లలో ఉన్న తల్లి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, ఆమె కడుపు మాత్రం చాలాసార్లు నిలవదు. గర్భం పోతుంది, లేకపోతే చనిపోయిన బిడ్డ పుడుతుంది, లేకపోతే పుట్టిన బిడ్డ కొన్ని వారాల్లో చిక్కి చనిపోతుంది. ఈ రోగంలో రక్తపరీక్ష విలువంతా ఆ మౌనపు ఏళ్లకు సంబంధించింది. పుండును చూడటానికి కళ్లు చాలు. ఏమీ లేనివాళ్లలో దాన్ని కనిపెట్టాలంటేనే రక్తాన్ని అడగాలి.

ఇక్కడొక ఆక్షేపణ వస్తుంది. సవాయి క్రిమిని షాడిన్, హాఫ్‌మన్ కనిపెట్టిందే 1905లో. వాసర్మన్, నైసర్, బ్రుక్ బెర్లిన్‌లో రక్తపరీక్షను ప్రకటించింది 1906లో. పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు కట్టడం పూర్తయింది కూడా ఆ ఏడాదే. 1860ల నాటి అధికారులను తర్వాతి జ్ఞానంతో తూచడం అన్యాయం కాదా? క్రిమి సంగతి వాళ్లకు తెలియదన్నది ఒప్పుకోవాల్సిందే. రోగం నడక మాత్రం తెలుసు. పారిస్‌లో ఫిలిప్ రికార్డ్ దాని మూడు దశలను 1838 నాటికే విడదీసి చెప్పాడు. పసిబిడ్డల సవాయి మీద పాల్ డిడే 1854లో ఏకంగా గ్రంథమే రాశాడు. పుండు మానినంత మాత్రాన రోగం పోనట్టేనని చదువుకున్న వైద్యులందరికీ అప్పటికే పాఠం. ఇంకా దగ్గరి సాక్ష్యం ఇండియా ప్రభుత్వం చేతల్లోనే ఉంది. తన సిపాయిలను ఈ రోగం నుంచి కాపాడుకోవాలని దండుబజార్ల మీద 1864లో ఒక చట్టం చేసింది. 1868లో సాంక్రామిక రోగాల చట్టం తెచ్చింది. వేశ్యల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, క్రమం తప్పకుండా దేహపరీక్ష చేయించి, రోగమున్నట్టు తోచినవాళ్లను లాక్ హాస్పిటళ్లలో నిర్బంధించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో అలాంటి ఆసుపత్రులు ఆ శతాబ్దం మొదట్లోనే ఉన్నాయి. అంటే అంటురోగాన్ని అది చేరకముందే ఆపాలన్న తెలివీ, అందుకు కావాల్సిన యంత్రాంగమూ రెండూ వాళ్లకున్నాయి. వాటిని ఎవరి కోసం వాడారన్నదే తేడా.

ఆ చట్టాన్ని అండమాన్ హోముల పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే బట్టలోంచి కత్తిరించినవని తెలుస్తుంది. దండులో ఆడదాన్ని పరీక్షించారు, ఆమె దగ్గరికి వచ్చిన సిపాయికి నిర్బంధ పరీక్ష లేదు. అది అతని పరువుకు భంగమన్నారు. దేశంలోనూ ఇంగ్లండులోనూ నిరసనలు పెరిగి 1888లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఈ ఒంటికంటి చూపే నడిచింది. హోముల్లోనూ రోగం తేలాక అండమానీయులను పట్టుకొచ్చి ఆసుపత్రిలో పెట్టారు. జమాదార్లను హోముల్లో నియమించేముందు ఒళ్లు చూడాలని గానీ, ఆడవాళ్లున్న చోట మగ ఖైదీలను రాత్రి కాపలా పెట్టకూడదని గానీ ఎవరికీ పట్టలేదు. ఈ రెండో జాగ్రత్తకు ఏ ప్రయోగశాలా అక్కర్లేదు. అసలు నేరమంతా ఒక ఖైదీ నెత్తిన వేసి రాసిన ఆ నమోదును కూడా నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఆ ఖైదీ దోషే కావచ్చు; అతన్ని అక్కడ కూర్చోబెట్టిన చేయి మాత్రం ప్రభుత్వానిది.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైంది. అండమానీయులను చంపింది తట్టు; సవాయిని పెద్దది చేసి చూపడం అతిశయోక్తి అంటారు కొందరు. 1868లో న్యుమోనియా, 1877లో తట్టు, 1892లో ఇన్‌ఫ్లూయెంజా, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చాయి కాబట్టి వాటి దెబ్బలను విడదీయడం కష్టం. మరణాల సంఖ్యలో తట్టుదే పైచేయని నేనూ అంటాను. కానీ తట్టు ఒక ఊరిని తుడిచిపెట్టినా, మిగిలినవాళ్లు పిల్లల్ని కంటే ఆ ఊరు రెండు తరాల్లో కోలుకుంటుంది. మనుషుల చరిత్రలో చాలా జాతులు అలాగే కోలుకున్నాయి. గ్రేట్ అండమానీయులు కోలుకోలేదు. వలస రాకముందు వాళ్లు కొన్ని వేలమంది ఉండేవారని అంచనా. 1901 జనాభా లెక్కల్లో 625 మంది. ఆ తర్వాత 1911లో 455, 1931లో 90, 1951లో 23, 1961లో 19. పెద్ద తట్టు వెళ్లిపోయిన పాతికేళ్ల తర్వాత మొదలయ్యే వరస ఇది. చావులు ఎక్కువైన జాతి లెక్కలా కాక, పుట్టుకలు ఆగిపోయిన జాతి లెక్కలా కనబడుతుంది. పుట్టుకలను ఆపే గుణం తట్టుకు లేదు, సవాయికి ఉంది. 1892 ప్రాంతంలో సెగరోగం (గనోరియా) కూడా వాళ్లలో చేరింది. అది గొడ్డుతనానికి దారితీస్తుంది. క్షయ, పొగాకు, నల్లమందు, వేటభూములు పోవడం కూడా తమ వంతు చేశాయి. సవాయి ఒక్కటే కారణమని వాదించడం నా ఉద్దేశం కాదు. అది పడగొట్టిన దెబ్బ కాకపోవచ్చు, లేవనివ్వని దెబ్బ.

సరే, అది సవాయేనా? ఈ ప్రశ్నను పక్కన పెట్టి పోవడం నిజాయితీ అనిపించుకోదు. 1876లో కళ్లతో చూసి చెప్పిన నిర్ధారణ అది. సవాయి క్రిమికి యాస్ క్రిమి తోబుట్టువు. ఉష్ణప్రాంతపు తడి అడవుల్లో పిల్లల చర్మం మీద పుండ్లుగా వచ్చే ఆ రోగం సంభోగంతో పనిలేకుండా తాకుడుతో అంటుకుంటుంది. రెంటి పుండ్లూ ఒకదానికొకటి పోలినట్టు ఉంటాయి. రక్తపరీక్ష తేల్చేస్తుందనుకుంటే అదీ లేదు, రెంటికీ అది ఒకే జవాబు చెబుతుంది. ఇది తెలుగు నేలకు కొత్త చిక్కు కాదు. గోదావరి ఏజెన్సీ కొండల్లో, పక్కనున్న కోరాపుట్, బస్తర్ అడవుల్లో యాస్ ఎంతోకాలం ఉండేది. 1950లలో పెన్సిలిన్ సూదులతో దాని మీద పెద్ద పోరాటం నడిచింది. 1996లో మళ్లీ నిర్మూలన కార్యక్రమం పెట్టారు. 2003లో చివరి కేసులు తేలాయి. 2016లో దేశం యాస్ లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఆ గుర్తింపుకు ముందు ఏజెన్సీ గూడేల్లో అయిదేళ్లలోపు పిల్లల రక్తాన్ని సవాయికి వాడే పరీక్షతోనే చూశారు. ఆ వయసు పిల్లల్లో అది పాజిటివ్ అయితే యాస్ ఇంకా తిరుగుతున్నట్టే. అంటే ఒకే పరీక్ష పెద్దవాడిలో ఒక మాట, గూడెంలోని పసివాడిలో ఇంకో మాట చెబుతుంది. చదవాల్సింది చుట్టూ ఉన్న జీవితంతో కలిపి. అలా చదివితే హోముల్లో జరిగింది సవాయికే సరిపోతుంది. అది పెద్దవాళ్లలో బయటపడింది, ఖైదీలతో కలిసి ఉన్న చోటే మొదలైంది, హోముల్లో పుట్టిన పసివాళ్లు దాదాపుగా నిలవలేదు. యాస్ మామూలుగా తల్లి కడుపులోని బిడ్డకు సోకదు.

వాసర్మన్ పరీక్ష పుట్టుక కూడా ఇలాంటి తికమకే. గొర్రె ఎర్ర రక్తకణాలు, గినీ పంది సీరం కలిసిన ఆ పరీక్షలో, సవాయితో చనిపోయిన పిండం కాలేయపు రసాన్ని ముఖ్య ద్రవ్యంగా వాడారు. అందులో క్రిములు దండిగా ఉంటాయి కాబట్టి రోగి రక్తంలోని ప్రతిరక్షకాలు వాటిని పట్టుకుంటాయన్నది వాళ్ల లెక్క. కొద్దికాలంలోనే తెలిసిందేమంటే, రోగమే లేని ఎద్దు గుండె రసం వేసినా పరీక్ష అంతే బాగా పనిచేస్తోంది. అది పట్టుకుంటున్నది క్రిమిని కాదు, క్రిమి చేసిన అలజడిలో ఒంట్లో పుట్టే ఇంకొక జాతి ప్రతిరక్షకాలను. ఎద్దు గుండెలోని ఆ పదార్థాన్ని మేరీ పాంగ్‌బోర్న్ 1941లో వేరుచేసి కార్డియోలిపిన్ అని పేరు పెట్టింది. దాన్ని లెసిథిన్, కొలెస్ట్రాల్‌తో కలిపి 1946లో తయారుచేసిందే మన ల్యాబుల్లో ఇప్పటికీ వినబడే వీడీఆర్‌ఎల్. సీరాన్ని 56 డిగ్రీల దగ్గర అరగంట వెచ్చబెట్టి, గాజు పలక మీద చుక్క వేసి, నాలుగు నిమిషాలు తిప్పి, మైక్రోస్కోపు కింద ముద్దలు కట్టాయా అని చూస్తారు. తప్పు సిద్ధాంతం నుంచి పుట్టిన సరైన పని అది. ఆ పుట్టుక మచ్చ దానికి ఇప్పటికీ ఉంది. మలేరియా జ్వరంలోనూ, కుష్ఠులోనూ, ఒక్కోసారి ఉత్త గర్భంలోనూ అది రోగం లేకున్నా పాజిటివ్ చూపిస్తుంది. అందుకే క్రిమికి ఎదురుగా పుట్టిన ప్రతిరక్షకాలనే పట్టే టీపీహెచ్‌ఏ లాంటి రెండో పరీక్షతో సరిచూడాలంటారు. మలేరియాకు పేరుమోసిన పాత పోర్ట్ బ్లెయిర్‌లో ఒక్క వాసర్మన్ ఫలితాన్ని నమ్మి ఒక మనిషికి సుఖరోగి అన్న ముద్ర వేసి ఉంటే ఎందరు నిర్దోషులు నలిగేవారో.

పోనీ, పరీక్ష ఉండి అది నిజమే చెప్పిందనుకుందాం, చేతిలో మందేది? 1910లో సాల్వర్సాన్ వచ్చేదాకా పాదరసం, పొటాషియం అయోడైడ్ తప్ప ఇంకేమీ లేవు. పుండ్లను ఎండగట్టడం తప్ప అవి పెద్దగా చేసిందేమీ లేదు, పాదరసం పళ్లను రాల్చింది కూడా. మరి పరీక్ష ఉన్నా లాభమేమిటని అడగొచ్చు. రోగాన్ని తగ్గించలేని రోజుల్లో కూడా ఎవరి దగ్గరికి ఎవరిని పంపకూడదో తెలుసుకోవడంలో లాభముంది. పైగా మందు దొరికిన తర్వాత జరిగింది చూస్తే ఆ ప్రశ్న తిరగబడుతుంది. అమెరికాలోని అలబామాలో టస్కెగీ దగ్గర 1932లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ నల్లజాతి పేద మగవాళ్ల రక్తాన్ని పరీక్షించింది. సవాయి ఉన్న 399 మందిని గుర్తించి, మీకు 'చెడు రక్తం' ఉందని చెప్పి, వైద్యం చేయకుండా రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. 1943లో జాన్ మహోనీ పెన్సిలిన్‌తో ఈ రోగం నయమవుతుందని చూపించాక కూడా వాళ్లకు ఆ మందు అందనివ్వలేదు. 1972లో పత్రికలు బయటపెట్టేదాకా, అంటే 40 ఏళ్ల పాటు అది సాగింది. అక్కడ పరీక్ష ఉంది, మందు ఉంది, ఎవరికి రోగముందో పేర్లతో సహా జాబితా ఉంది. లేనిది ఆ మనుషులు బతకాలన్న పట్టింపు. హోముల్లో లేనిదీ అదే. కాబట్టే 'అప్పట్లో పరీక్ష ఉండి ఉంటే' అన్న నిట్టూర్పు నన్ను ఒప్పించలేకపోతోంది.

ఇప్పటి దీవులకు వస్తే, కలకత్తా దారిలోనో మద్రాసు దారిలోనో ఓడల్లో వచ్చి స్థిరపడ్డ జనం అక్కడ చాలామంది. 2011 లెక్కల ప్రకారం అక్కడ ప్రతి వందమందిలో 13 మందికి పైగా తెలుగు మాట్లాడేవాళ్లే. వాళ్లలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. మనుషులు వందల కిలోమీటర్ల పొడవున ముప్పైకి పైగా దీవుల్లో చెదిరి ఉన్నారు. ఇలాంటి చోట వీడీఆర్‌ఎల్ లాంటి పరీక్షకు పెద్ద అడ్డంకి సముద్రమే. దాని ద్రవ్యాన్ని చల్లగా దాచాలి, మైక్రోస్కోపు కావాలి, చేయి తిరిగిన టెక్నీషియన్ కావాలి. చిన్న దీవిలో తీసిన రక్తం పోర్ట్ బ్లెయిర్ చేరి, ఫలితం మళ్లీ ఓడెక్కి వచ్చేసరికి గర్భిణి నెలలు ముదిరిపోతాయి. కాన్పుకు కనీసం 30 రోజుల ముందు ఒక్క బెంజాథిన్ పెన్సిలిన్ సూది పడితేనే బిడ్డకు కాపుదల దొరికినట్టు లెక్క. 24 లక్షల యూనిట్ల ఆ సూది ధర చాలా తక్కువ. వేలి కొసన సూది గుచ్చి ఒక చుక్క రక్తంతో 15, 20 నిమిషాల్లో గీత చూపించే పట్టీ పరీక్ష అందుకే దీవులకు పెద్ద మార్పు. హెచ్ఐవీని, సవాయిని ఒకేసారి చూసే పట్టీలూ వచ్చాయి. పుట్టుకతో వచ్చే సవాయిని లేకుండా చేయాలని దేశం 2015లో ఒక వ్యూహమే ప్రకటించింది. ప్రపంచం మొత్తం మీద 2016లో 6 లక్షల 60 వేలకు పైగా కడుపులకు ఈ రోగం సోకిందన్న అంచనా చూస్తే, అంత చౌక మందు ఉన్న రోగానికి ఇది ఎంత పెద్ద సంఖ్యో తెలుస్తుంది.

అందరికీ పరీక్ష అంటే అనుమానించడమేనని, ముఖ్యంగా ఆదిమజాతుల దగ్గరికి ఇలాంటి పరీక్షలు తీసుకెళ్లడం మళ్లీ హోముల పనే అవుతుందని కొందరు భయపడతారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. లాక్ హాస్పిటళ్లు అనుమానంతోనే నడిచాయి. నా జవాబు ఆ తేడాలోనే ఉంది. కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషికీ మొదటి చెకప్‌లోనే పరీక్ష చేసే పద్ధతిలో ఎవరినీ వేలెత్తి చూపడం ఉండదు. కలెక్టరు భార్యకూ, చేపలబుట్ట మోసే ఆమెకూ అదే చుక్క రక్తం. రక్తదానంలో ఇచ్చిన ప్రతి సీసానూ సవాయికి చూడటంలోనూ ఆ న్యాయమే ఉంది. ఇక అక్కడి అడవుల్లో విడిగా బతికే జరావా తెగవాళ్ల సంగతి వేరు. 1990ల చివర్లో వాళ్లు అడవి దాటి బయటికి రావడం మొదలుపెట్టాక 1999లోనే వాళ్లలో తట్టు లేచింది. 1877 కళ్ల ముందు మెదిలినవాళ్లెవరైనా ఆ వార్త చదివి వణికి ఉంటారు. ఈసారి వాళ్లను ఆసుపత్రికి తెచ్చి వైద్యం చేసి బతికించుకున్నారు. అక్కడ ముందుగా ఒళ్లు చూపించుకోవాల్సింది జరావాలు కాదు, వాళ్ల నేల మీదుగా వేసిన ట్రంక్ రోడ్డు మీద తిరిగేవాళ్లు. హోముల కాలంలో తలకిందులుగా జరిగింది ఈ వరసే. ఇప్పుడు స్ట్రెయిట్ దీవిలో, పోర్ట్ బ్లెయిర్‌లో కలిపి గ్రేట్ అండమానీయులు యాభై మంది చుట్టుపక్కల ఉన్నారు. 1961 నాటి 19 మంది నుంచి పెరిగిన సంఖ్య అది. పిల్లలు పుట్టి నిలుస్తున్నారన్నమాట.

అయినా పాత ఒంటికంటి చూపు పూర్తిగా పోలేదు. పరీక్ష గర్భిణికి చేస్తాం, ఆమె దొరుకుతుంది కాబట్టి. పాజిటివ్ వస్తే ఆమెకు సూది వేస్తాం. భర్తను తీసుకురమ్మని ఆమెకే చెప్పి పంపుతాం. అతను వేటకు పోయిన పడవలో ఉంటాడు, ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ దగ్గర కూలిపనిలో ఉంటాడు, లేదా నాకేం రోగం లేదని గుమ్మంలోనే నిలబడి తిరిగిపోతాడు. అతని రక్తం చూడకపోతే ఆమెకు వేసిన సూది అప్పటికి ఉన్న రోగాన్నే పోగొడుతుంది. కొన్నాళ్లకు రోగం అదే ఇంట్లో మళ్లీ ఆమెకు చేరుతుంది. రిజిస్టరులో ఆమె పేరు, ఆమె ఫలితం, ఆమెకు వేసిన మందు తేదీతో సహా ఉంటాయి. అతని పేరు పక్కన గడి ఖాళీగా ఉంటుంది.